ఆపమన్నాం, ఆగిందా?

నా టేబుల్ సొరుగులో ఒక నీలిరంగు రిలే ఉంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్, లోపలి కాయిల్‌కి కరెంటిస్తే కాంటాక్టులు కలుస్తాయి. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. బ్లేడుతో మూత కోసి చూస్తే లోపల రెండు కాంటాక్టులూ ఒకదానికొకటి అతుక్కుని కనిపించాయి. కాయిల్‌కి కరెంటు లేకపోయినా విడిపోలేదు. గోటితో కాస్త నెడితే టిక్కుమని విడిపోయింది. ఆవగింజలో పాతికోవంతు కూడా లేని ఆ అతుకు వల్ల మా మేనల్లుడి నర్సరీలో 300 ట్రేల మిరప నారు పోయింది. ట్రేకి 98 గుంటలు. అంటే 29,400 మొక్కలు.

నేను 1985లో టెలికాం డిపార్టుమెంటులో టెక్నీషియన్‌గా చేరాను. 2000 అక్టోబరులో మా శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 2020 జనవరి 31న వి.ఆర్.ఎస్. తీసుకుని బయటికొచ్చాను. నేను మొదట పనిచేసిన ఎక్స్ఛేంజి స్ట్రౌజర్‌ది, అంటే యంత్రభాగాలు కదిలి లైన్లు కలిపే పాత రకం. హాలు నిండా ర్యాకులు, ర్యాకుల నిండా రిలేలు, డయల్ చేసిన నంబరుని బట్టి మెట్టుమెట్టుగా జరిగి లైను కలిపే సెలెక్టర్లు. పొద్దున్న పదింటికి ట్రాఫిక్ పెరిగితే వడగళ్ల వాన రేకుల మీద పడ్డట్టు చప్పుడు. రిలే స్ప్రింగులు సర్దడం, కాంటాక్టులు శుభ్రం చేయడం, ఏది పడలేదో ఏది వదల్లేదో చెవితో పట్టుకోవడం, ఇదే నా చదువు. కాయిల్ లాగితే రిలే పడిందంటాం, విడిచిపెడితే వదిలిందంటాం. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాక ఆ విద్య ఇక అక్కర్లేదనుకున్నాను. గుంటూరు కొరిటెపాడులో మా డాబా మీద కూర్చుని మేనల్లుడి ప్యానెల్ బోర్డు విప్పిన రోజున ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

వాడు మా చెల్లెలి కొడుకు. ఈ.సి.ఈ. చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తిరిగొచ్చి వట్టిచెరుకూరు వైపు మిరప నర్సరీ పెట్టాడు. నాలుగు షేడ్ నెట్లు. జూలై, ఆగస్టు వస్తే మా గుంటూరు చుట్టుపక్కల నారుకి ఉండే గిరాకీ తెలిసిందే. కొబ్బరిపొట్టు నింపిన ట్రేల్లో గింజ వేసి, దాదాపు నలభై రోజులు సాకి రైతుకి ఇవ్వాలి. ఆ నలభై రోజులూ తడి విషయంలో చంటిపిల్ల లెక్క. ఎండిపోకూడదు, నానిపోకూడదు. నీళ్లు ఎక్కువై తడి ఆరకపోతే నారుకుళ్లు వస్తుంది. మొక్క మొదలు దగ్గర మెత్తబడి, పక్కకి ఒరిగిపోతుంది. ఒక ట్రేలో మొదలైతే పక్క ట్రేలకి పాకుతుంది.

అందుకని వాడు ఎండని బట్టి పది నిమిషాలకోసారి అర నిమిషం ఫాగర్లు, అంటే నీళ్లని పొగమంచులా చల్లే నాజిల్స్, నడిచేలా రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు పెట్టాడు. దానికి ఎనిమిది రిలేల నీలి బోర్డు ఒకటి తగిలించాడు. ఆన్‌లైన్లో నాలుగు వందల లోపే వచ్చిందట. బోర్డు మీది ఒక రిలే నేరుగా ఫాగర్ మోటారు కాంటాక్టర్‌కి, అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద రిలేకి, 230 వోల్టులు ఇస్తుంది. సంపులో నీళ్లున్నాయో లేవో తేలుతూ చెప్పే ఒక ఫ్లోట్ స్విచ్, దాని వైరు 40 మీటర్లు నడిచొచ్చి నేరుగా రాస్ప్‌బెర్రీ పిన్నులోకి. ఇంతే. రెండు నెలలు చక్కగా పనిచేసింది. నేనూ చూసి మెచ్చుకున్నాను, మూత మాత్రం తీసి చూడలేదు.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక సాయంత్రం వాన పడింది. ఫ్లోట్ వైరుకి మధ్యలో ఒక జాయింటు ఉంది, టేపు చుట్టినది. అందులోకి తేమ చేరింది. ఆ వైరు మోటారు కేబులు పక్కనే ఒకే పైపులో వస్తోంది. రాత్రి 9 దాటాక చివరి విడత ఫాగింగ్ కోసం మోటారు స్టార్టయింది. స్టార్టవగానే ఆ కేబులు నుంచి ఫ్లోట్ వైరులోకి నాయిస్, అంటే అక్కర్లేని దొంగ సిగ్నల్, ఎక్కింది. ప్రోగ్రాముకి సంపులో నీళ్లు లేవన్నట్టు కనిపించింది. వెంటనే మోటారు ఆపింది. మోటారు ఆగగానే నాయిస్ పోయింది, నీళ్లు ఉన్నాయి. మళ్లీ ఆన్. మళ్లీ నాయిస్. మళ్లీ ఆఫ్. ఆరు నిమిషాల్లో రెండు వందల పైచిలుకు సార్లు ఆ రిలే కొట్టుకుంది. ఆఖరికి కాంటాక్టులు కరిగి అతుక్కున్నాయి. అలా ముక్కలుముక్కలుగా అర నిమిషం ఫాగింగ్ పూర్తయింది కాబట్టి ప్రోగ్రాము ఆఫ్ అని రాసుకుని నిద్రపోయింది. మోటారు మాత్రం సంపు అడుగంటేదాకా నడిచింది, తర్వాత ఉత్తినే తిరిగి సీలు మాడ్చుకుంది. అప్పట్లో నెట్లకి చేతి వాల్వులే, రెండు నెట్లవి తెరిచి ఉన్నాయి. తెల్లారేసరికి ట్రేల కింద నీళ్లు నిలిచాయి. ఆపైన రెండు రోజులు ముసురు. ఆరబెట్టుకునే వీలే లేకపోయింది.

మర్నాడు వాడు లాప్‌టాప్ తెచ్చి నాకు చూపించాడు.

"మావయ్యా, లాగ్‌లో 9 గంటల 12 నిమిషాలకే ఆఫ్ అని ఉంది చూడు. నేను ఆపాను."

"నువ్వు ఆపమన్నావురా. ఆగిందని నీకెవరు చెప్పారు?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడిని నొప్పించాలని అన్న మాట కాదు. మా స్ట్రౌజర్ హాల్లో నాకు నేర్పిన మొదటి పాఠం అదే. సబ్‌స్క్రైబర్ ఫోను పెట్టేస్తే రిలీజ్ మాగ్నెట్‌కి కరెంటు వెళ్తుంది, సెలెక్టర్ కిందికి దిగి ఇంటికి చేరాలి. చేరిందో లేదో చూడటానికి సెలెక్టర్‌కే ఆఫ్ నార్మల్ స్ప్రింగులని వేరే కాంటాక్టులు ఉండేవి. సెలెక్టర్ కదిలిన క్షణం నుంచి తిరిగి ఇంటికి చేరేదాకా అవి పడే ఉంటాయి. వదలమన్నాక కూడా అవి పడే ఉంటే రిలీజ్ అలారం దీపం వెలిగేది. ఎవరో ఒకరు లేచి ర్యాకు దగ్గరికి పరిగెత్తాల్సిందే. ఆర్డరు వెళ్లే దారి ఒకటి, జరిగిందని తిరిగొచ్చే దారి ఇంకొకటి. రెండూ వేరువేరు తీగలు. మా మేనల్లుడి బోర్డులో ఎనిమిది వెళ్లే దారులు ఉన్నాయి, తిరిగొచ్చే దారి ఒక్కటీ లేదు. ఇంటర్నెట్లో కనిపించే ప్రాజెక్టుల్లో చాలావాటిదీ ఇదే తీరు. రిలే బోర్డు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ఇన్‌పుట్ బోర్డు గురించి రెండు లైన్లు.

కాబట్టి ముందు ఇన్‌పుట్ల, అంటే ఆ తిరిగొచ్చే దారుల, సంగతే చెబుతాను.

రాస్ప్‌బెర్రీకి 40 పిన్నుల వరస ఉంటుంది, అందులో మనం వాడుకోగలిగిన ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నులు 26. లెక్కకి సరిపోతాయి కదా, పిన్నులు పెంచే ఎక్స్‌పాన్షన్ బోర్డు వేరే ఎందుకని వాడూ అడిగాడు. సమస్య లెక్కలో లేదు. ఆ పిన్ను 3.3 వోల్టులది. 5 వోల్టులు తగిలినా చిప్పు పోవచ్చు. పొలంలో 40 మీటర్ల వైరు అంటే అది ఒక ఏరియల్. పిడుగు దూరంగా పడినా, పక్కన మోటారు స్టార్టయినా దాంట్లోకి వోల్టేజి ఎక్కుతుంది. అలాంటి వైరుని తెచ్చి ప్రాసెసర్ కాలికి కట్టకూడదు.

రెండోది నాకు అంతకన్నా ముఖ్యమైనది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది. స్విచ్ కాంటాక్టు మీద కాలం గడిచేకొద్దీ సన్నని పొర పడుతుంది. తేమ, దుమ్ము, ఆక్సైడు. ఆ పొరని చీల్చుకుని కరెంటు వెళ్లాలంటే కొంత వోల్టేజి, కొంత కరెంటు ఉండాలి. దీన్నే వెట్టింగ్ కరెంటు అంటారు. మా ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీ ఉండేది కాబట్టి కాంటాక్టు కాస్త మురికైనా పని నడిచేది. పిన్నుని 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రాస్ప్‌బెర్రీ లోపలి పుల్ అప్ రెసిస్టెన్స్ దాదాపు 50 కిలో ఓములు. 3.3 వోల్టుల దగ్గర ఆ ఫ్లోట్ కాంటాక్టు గుండా వెళ్లే కరెంటు 0.07 మిల్లీ ఆంపియర్లు కూడా కాదు. సంపులో వేలాడే ఫ్లోట్‌కి అది ఏ మూలకి? తేమ చేరిన జాయింటు లీకేజీ కూడా దాంతో పోటీ పడుతుంది. మాకు జరిగింది అదే.

కొత్త ఇన్‌పుట్ బోర్డులో ప్రతి ఇన్‌పుట్‌కీ ఒక పి.సి. 817 ఆప్టోకప్లర్ ఉంది. దాని లోపల ఒక చిన్న ఎల్.ఈ.డి., ఎదురుగా వెలుగు చూసే ట్రాన్సిస్టరు. రెండింటి మధ్య తీగ సంబంధం లేదు, వెలుగే సంబంధం. బయటి వైరుకి 24 వోల్టుల డి.సి. పెట్టి, 4.7 కిలో ఓముల రెసిస్టెన్స్ వేశాం. అంటే ఫ్లోట్ మూసుకున్నప్పుడు 5 మిల్లీ ఆంపియర్లకి కొంచెం తక్కువ వెళ్తుంది, ఇంతకుముందు కన్నా 70 రెట్లు. నాయిస్‌తో ఆ ఎల్.ఈ.డి.ని వెలిగించాలంటే ఇప్పుడు ఊరికే వోల్టేజి ఎక్కితే చాలదు, నిజంగా కరెంటు రావాలి. 24 వోల్టుల పవర్ సప్లై కూడా రాస్ప్‌బెర్రీది వేరు, ఇది వేరు, రెండింటి మైనస్‌లు కలపలేదు. కలిపితే ఆప్టో పెట్టి లాభం లేదు. రెడీమేడ్ బోర్డులు కొంటే ఇది ఒకసారి చూసుకోండి, ఆప్టో అని పేరు ఉండి రెండు గ్రౌండులూ బోర్డు మీదే కలిసిపోయినవి నేను చూశాను.

ఆప్టోల వెనక ఎం.సి.పి. 23017 అనే చిప్పు. మైక్రోచిప్ కంపెనీది. రెండు వైర్ల మీద, అంటే ఐ2సి మీద రాస్ప్‌బెర్రీతో మాట్లాడుతూ 16 పిన్నులు ఇస్తుంది. అడ్రసు పిన్నులు మూడు. కాబట్టి హెక్స్‌లో, అంటే కంప్యూటర్ల పదహార్ల లెక్కలో, 20 నుంచి 27 దాకా అడ్రసులతో ఎనిమిది చిప్పులు ఒకే రెండు వైర్ల మీద ఉండొచ్చు, మొత్తం 128 పిన్నులు. ఒకదాని మీద ఒకటి పేర్చే రిలే బోర్డుల మీద మూడు జంపర్లు, అంటే పీకి పెట్టే చిన్న కలుపులు, కనిపించేది ఇందుకే, ఎనిమిది బోర్డులు పేరిస్తే 64 రిలేలు అవుతాయి. మా దగ్గర 20 అడ్రసు అవుట్‌పుట్ బోర్డుది, 21 ఇన్‌పుట్ బోర్డుది.

ఈ చిప్పుతో ఒక జాగ్రత్త ఉంది. 2022లో మైక్రోచిప్ దీని డేటాషీటు సవరించింది. 'ఎ' పోర్టులో ఆఖరిది, 'బి' పోర్టులో ఆఖరిది, ఈ రెండు పిన్నులూ అవుట్‌పుట్‌గానే వాడమంది. ఇన్‌పుట్‌గా వాడితే, చదివే క్షణంలోనే ఆ పిన్ను మారినప్పుడు ఐ2సి డేటా లైను చెడిపోవచ్చు. పాత పాఠాలు, పాత బోర్డులు ఈ మాట చెప్పవు. మేం ఎనిమిదో ఇన్‌పుట్‌ని 'ఎ' పోర్టు నుంచి తీసి 'బి' పోర్టు మొదటి పిన్నుకి మార్చాం. పదహారు ఇన్‌పుట్లు కావాలనుకుంటే పద్నాలుగే అని లెక్కేసుకోండి.

ఇక మా ఎనిమిది ఇన్‌పుట్లు: సంపు కింది ఫ్లోట్, పై ఫ్లోట్, ఫాగర్ లైనులో ప్రెషర్ స్విచ్, త్రీఫేజ్ ఉందో లేదో చెప్పే రిలే కాంటాక్టు, ఓవర్‌లోడ్ ట్రిప్, ఆటో మాన్యువల్ స్విచ్. ఆరు అయ్యాయి. మిగిలిన రెండు కోసమే ఈ బోర్డంతా కొన్నాం అన్నా తప్పు లేదు. ఫాగర్ కాంటాక్టర్ ఆక్జిలరీ కాంటాక్టు ఒకటి, బోరు కాంటాక్టర్‌ది ఇంకొకటి. కాంటాక్టర్ పక్కన తగిలించే ఆ చిన్న ముక్క గుంటూరులో ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది. కాంటాక్టర్ కదిలితే అదీ కదులుతుంది. రిలే అతుక్కున్నా, కాంటాక్టరే ఇరుక్కున్నా, ఎవరైనా చేత్తో నొక్కినా అది నిజం చెబుతుంది.

ప్రోగ్రాములో నేను అడిగి రాయించింది చాలా చిన్నది. ఆర్డరు వేసిన సెకనులోపు ఆక్జిలరీ కూడా అదే మాట చెప్పాలి. రెండు సెకన్లు దాటినా మాటలు కలవకపోతే సైరన్, దాంతోపాటు మెయిన్ కాంటాక్టర్ వదిలెయ్యాలి. ఆ మెయిన్ కాంటాక్టర్ కొత్తగా పెట్టిందే, రెండు మోటార్లకీ ముందు. మోటారు కాంటాక్టర్ వెల్డ్ అయినా ఇది ఆపుతుంది. ఇక ఫ్లోట్ల విషయంలో వాడు 50 మిల్లీ సెకన్ల డీబౌన్స్, అంటే మార్పుని నమ్మేముందు ఆగే వ్యవధి, పెడతానన్నాడు. అది స్విచ్ కాంటాక్టు ఎగిరెగిరి పడటానికి చాలు, సంపులో అలలకి చాలదు. అయిదు సెకన్లు నిలకడగా ఉంటేనే నమ్మమన్నాను. మోటారు ఒకసారి ఆగితే మళ్లీ ఎక్కడానికి కనీసం ఒక నిమిషం. ఈ ఒక్క నిమిషం ఆ రోజు ఉండి ఉంటే ఆ రిలే అతుక్కునేది కాదు.

ఇప్పుడు అవుట్‌పుట్ వైపు. నీలి రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. అది చూసి అందరూ ధైర్యం తెచ్చుకుంటారు. ఆ అంకె హీటరు లాంటి లోడుకి. కాంటాక్టర్ కాయిల్ అలా కాదు. పడేటప్పుడు, నిలబెట్టే కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. వదిలేటప్పుడు కాయిల్‌లో నిలవున్న శక్తి కాంటాక్టుల మధ్య నిప్పురవ్వగా బయటికొస్తుంది. ఒకసారి, పదిసార్లు ఏమీ కాదు. ఆరు నిమిషాల్లో రెండు వందల సార్లంటే చల్లారే వ్యవధి లేదు. మా ఎక్స్ఛేంజి రిలేల కాంటాక్టులకి అడ్డంగా ఒక కండెన్సరు, ఒక రెసిస్టెన్స్ జతగా ఉండేవి. స్పార్క్ క్వెంచ్ అనేవాళ్లం. ఇప్పటి వాళ్లు స్నబ్బర్ అంటున్నారు. పేరు మారింది, వస్తువు అదే. 100 ఓములు, 0.1 మైక్రో ఫారడ్, కండెన్సరు మాత్రం నేరుగా మెయిన్స్ కరెంటు మీద పెట్టడానికి చేసిన ఎక్స్2 తరగతిది అయి ఉండాలి, మామూలుది పెడితే ఎప్పుడో ఒకరోజు కాలుతుంది. డి.సి. కాయిల్ అయితే ఇదేమీ అక్కర్లేదు, తిరగేసి ఒక 1ఎన్4007 డయోడ్ చాలు.

నేను ఇంకో అడుగు ముందుకెళ్లాను. బోర్డు మీదికి 230 వోల్టులు రానివ్వనన్నాను. బోర్డు మీది రిలే, 24 వోల్టుల కాయిల్ ఉన్న ఎనిమిది పిన్నుల రిలేని పడేస్తుంది. అది డిన్ రైలు అనే ఇనప పట్టీ మీద బేసులో కూర్చుంటుంది. అది కాంటాక్టర్‌ని పడేస్తుంది, స్నబ్బర్ కాంటాక్టర్ కాయిల్ దగ్గరే. ఖర్చు రిలేకి మూడొందలు పెరిగింది. కానీ పాడైతే సోల్డరింగ్ లేదు, బేసులోంచి పీకి కొత్తది పెట్టడమే. నర్సరీలో పనిచేసే ఎవరైనా చేయొచ్చు. పైగా బోర్డు మీద వేలు పెట్టినప్పుడు ప్రాణభయం లేదు.

బోర్డు మీది రిలేలని నడిపేది యు.ఎల్.ఎన్. 2803 అనే చిప్పు. చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటు నడిపే ఎనిమిది డార్లింగ్టన్ ట్రాన్సిస్టరు జతలు, ఒక్కోటి 500 మిల్లీ ఆంపియర్ల దాకా, కాయిల్ దెబ్బకి డయోడ్లు లోపలే ఉంటాయి. 5 వోల్టుల నీలి రిలే ఒక్కోటీ 70 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, ఎనిమిదీ పడితే అర ఆంపియరు దాటుతుంది. రాస్ప్‌బెర్రీ పిన్ను ఇవ్వగలిగేది 16 మిల్లీ ఆంపియర్లు. అందుకే రిలేల కరెంటు ఎప్పుడూ వేరే సప్లై నుంచే రావాలి. పాత నీలి బోర్డులో ఇంకో చిక్కు, అది సిగ్నల్ సున్నా అయితే రిలే పడే రకం. బోర్డుకి 5 వోల్టులు ఇచ్చి, పిన్ను 3.3 దాకే ఎక్కితే మిగిలిన 1.7 వోల్టుల తేడాతో ఆప్టో పూర్తిగా ఆరదు, కొన్ని బోర్డుల్లో రిలే వదలదు. అది వాడక తప్పదంటే, పక్కనున్న జంపరు తీసేసి సిగ్నల్ వైపుకి 3.3, రిలే వైపుకి 5 విడివిడిగా ఇవ్వండి.

ఎం.సి.పి. చిప్పుకి కరెంటు రాగానే అన్ని పిన్నులూ ఇన్‌పుట్లుగానే ఉంటాయి. యు.ఎల్.ఎన్.కి ఏమీ అందదు, రిలేలన్నీ వదిలే ఉంటాయి. రాస్ప్‌బెర్రీ లేచేదాకా ఏ మోటారూ కదలదు. ఇది నాకు చాలా నచ్చింది. కానీ దీనికి అవతలి వైపు కూడా ఉంది, అది తెలిశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మోటారు నడుస్తుండగా రాస్ప్‌బెర్రీ హ్యాంగ్ అయితే? చిప్పు ఆఖరి మాటే పట్టుకుని కూర్చుంటుంది. దానికి ఇచ్చిన ఆర్డరు ఆన్, ఆన్‌లోనే ఉంటుంది, ఎన్ని గంటలైనా. రాస్ప్‌బెర్రీ లోపల హ్యాంగ్‌ని కనిపెట్టే వాచ్‌డాగ్ టైమర్ ఉంది, 15 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, అది రాస్ప్‌బెర్రీని తిరిగి లేపుతుంది. కానీ మెమరీ కార్డే చెడిపోయి ఉంటే? కరెంటు పోయి వచ్చే పల్లెలో కార్డు చెడటం కొత్త కాదు. అందుకని ఎం.సి.పి. రీసెట్ పిన్నుని ఒక చిన్న సర్క్యూట్‌కి కట్టాం. ప్రోగ్రాము అర సెకనుకోసారి ఒక పిన్నుని ఎత్తుతూ దించుతూ ఉండాలి. ఆ గుండె చప్పుడు ఆగితే మూడు సెకన్లలో రీసెట్ పడుతుంది, పిన్నులన్నీ ఇన్‌పుట్లు అవుతాయి, రిలేలన్నీ వదిలేస్తాయి. మొదటిసారి పరీక్షించడానికి మోటారు నడుస్తుండగా మెమరీ కార్డు చేత్తో పీకేశాను. వాడు "మావయ్యా" అని అరిచాడు. ప్రోగ్రాము కాసేపటికి గింజుకుని ఆగింది, మోటారూ ఆగింది.

ప్రోగ్రాము సెకనుకోసారి చిప్పు రిజిస్టర్లని, అంటే ఆర్డర్లు దాచుకునే లోపలి గళ్లని, తిరిగి చదువుతుంది కూడా. ఎక్కడో కరెంటు కుంగి చిప్పు మాత్రమే రీసెట్ అయితే, మనం రాసింది అందులో ఉండదు. రాశాం కదా అని ఊరుకోకూడదు.

పోయిన సంవత్సరం వాడు రాస్ప్‌బెర్రీ పై 3 తీసి 5 పెట్టాడు. పిన్నులని నేరుగా ఆడించే పాత ప్రోగ్రాము ముక్క ఆగిపోయింది. పై 5లో పిన్నులు చూసుకునే చిప్పు వేరు, పాత లైబ్రరీ దానికి పనికిరాదు. ఐ2సి మీద బోర్డులతో మాట్లాడే భాగం మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది. బోర్డులు వేరుగా పెట్టుకోవడంలో ఈ లాభం నేను ముందు ఊహించలేదు.

నాలుగో నెట్ ప్యానెల్‌కి చాలా దూరం. ఐ2సి అంత దూరం వెళ్లదు, అది ఒక పెట్టెలోపల మాట్లాడుకోవడానికి పుట్టింది. తీగ పొడుగయ్యేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది, 400 పీకో ఫారడ్‌లు దాటితే ఇక నమ్మలేం. అక్కడికి దూరం వెళ్లగల ఆర్.ఎస్. 485 తీగల మీద మోడ్‌బస్ అనే భాష మాట్లాడే నాలుగు రిలేలు, నాలుగు ఇన్‌పుట్ల బోర్డు కొన్నాం. మోడ్‌బస్ 1979 నాటిది, నేను ఉద్యోగంలో చేరకముందు పుట్టింది. ఈ రోజుకీ ఫ్యాక్టరీల్లో అదే. తీగకి పాత సామాన్ల కొట్టులో కొన్న జెల్లీ ఫిల్డ్ టెలిఫోన్ కేబులు వేశాను, లోపల మెలితిరిగిన జత, రెండు చివర్లా 120 ఓముల రెసిస్టెన్స్. ఆ జతని విప్పి, రంగులు చూసి, ఒలిచి టెర్మినల్‌లో బిగిస్తుంటే చేతులు వాటంతట అవే పనిచేశాయి.

పెట్టె గురించి ఒక్క మాట. మే నెల గుంటూరు ఎండలో ఇనప పెట్టె పొయ్యి అవుతుంది, రాస్ప్‌బెర్రీ 80 డిగ్రీలు చేరితే వేగం తగ్గించుకుంటుంది. నీడలో, గోడకి ఎడంగా పెట్టండి. వైర్లు దూరే ప్రతి రంధ్రానికీ గ్లాండ్, అంటే వైరు చుట్టూ సందు మూసే బిగింపు, వేయండి.

నేను పట్టుబట్టి పెట్టించింది ఇంకొకటి ఉంది. ప్యానెల్ తలుపు మీద రెండు వరసల దీపాలు. పై వరస ఆర్డరు, రిలే బోర్డు నుంచి. కింది వరస జరిగింది, ఆక్జిలరీల 24 వోల్టుల నుంచి నేరుగా. దీనికి ప్రోగ్రాముతో పని లేదు. మా మేనల్లుడు ఫోనులో అన్నీ కనిపిస్తాయి కదా, ఎందుకన్నాడు. నర్సరీలో రోజంతా ఉండేది వాడు కాదు, ట్రేలు సర్దే ఆవిడ. ఆవిడకి ఒక్క ముక్కే చెప్పాను. పైన, కింద ఒకేలా ఉండాలమ్మా. తేడా కనిపిస్తే ఫోను చెయ్యి.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం వాడు విత్తనాల పని మీద లాం ఫారానికి, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రానికి, వెళ్లాడు. నాకు ఫోను వచ్చింది.

"మావయ్యగారూ, పై వరసలో రెండో లైటు ఆరిపోయింది, కింద రెండోది ఎలుగుతానే ఉందండీ."

"నీళ్లు పడుతున్నాయా అమ్మా?"

"లేదండీ, ఆగిపోయినియ్యి. కూత పెడతా ఉంది."

మెయిన్ కాంటాక్టర్ వదిలేసిందన్నమాట. మెయిన్ స్విచ్ దించెయ్యమ్మా, వస్తున్నా అని బండి తీశాను. అరగంట తర్వాత మూత తీస్తే ఫాగర్ కాంటాక్టర్ ఇనప నాలుకకీ బాడీకీ మధ్య ఒక బల్లిపిల్ల నలిగి ఉంది. అది అడ్డుపడి కాంటాక్టర్ పూర్తిగా వెనక్కి రాలేదు. కింద ఒక గ్లాండ్ వదులై, వేలు పట్టేంత సందు ఉంది. తీసి, శుభ్రం చేసి, గ్లాండ్ బిగించి, చేత్తో నాలుగుసార్లు నొక్కి వదిలి చూశాను. తర్వాత మెయిన్ స్విచ్ వేసి ఆర్డరు ఇచ్చి చూస్తే పై దీపం, కింది దీపం కలిసే వెలిగాయి, కలిసే ఆరాయి. ఆవిడ నా పక్కనే నిలబడి చూసింది. నాలుగింటి ఫాగింగ్ సమయానికి అందింది.